కారు పొగ తెల్లగా వస్తుందా? ముందు పది నిమిషాలు గమనించండి



చలికాలంలో నాకు వారానికి రెండు రోజులు ఉదయం గేటు డ్యూటీ ఉంటుంది. పిల్లలు స్వెట్టర్ చేతుల్లోకి వేళ్లు ముడుచుకుని దిగుతుంటారు. వాళ్లను దింపిన కార్ల వెనక సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంటుంది. ఒక రోజు ఆరో తరగతి పాప ఒకటి ఆ పొగను చూపించి, "మేడం, మా కార్ కూడా మన లెక్కనే నోట్లకెల్లి ఆవిరి ఇడుస్తుంది. దానికి కూడా సలి పెడుతుందా?" అని అడిగింది. నవ్వొచ్చింది కానీ, ఆ పాప చెప్పింది దాదాపు నిజమే. చలి ఉదయం నోటి నుంచి వచ్చే ఆవిరీ, కారు వెనక కనిపించే ఆ తెల్లదనమూ ఒకే కారణంతో పుడతాయి.

అదే వారంలో ఒక తండ్రి, "మేడం, మా బండికి మధ్యాహ్నం ఎండలో కూడా తెల్ల పొగే వస్తుంది. చలికే కదా?" అన్నారు. ఆయనకు మాత్రం, "సార్, ఈ రోజే మెకానిక్‌కు చూపించండి. అప్పటిదాకా పిల్లలను ఆ బండిలో దూరం తీసుకెళ్లకండి" అని చెప్పాను. నేను సైన్స్ టీచర్‌ని, మెకానిక్‌ని కాను. కానీ ఈ రెండు పొగలకు తేడా తెలియక మా ఇంట్లో ఒక ఇంజన్ పోయింది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటి వెంట్రుకవాసిలో తప్పింది. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాను.

మా ఇంట్లో జరిగింది

సంక్రాంతి సెలవుల్లో ఆదిలాబాద్‌లో ఉండే మా మేనత్త ఇంటికి బయలుదేరాం. బాపు, అమ్మ, నేను, రెండో తరగతి చదివే మా అన్న కూతురు. పొద్దున ఆరు గంటలకు కరీంనగర్‌లో కారు స్టార్ట్ చేస్తే వెనక తెల్లగా పొగ వచ్చింది. "సలికి గట్లనే వస్తది" అన్నాడు బాపు. ఆ సమయానికి అది తప్పు మాట కాదు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్ చేరేసరికి బాగా ఎండ వచ్చింది. చాయ్ కోసం ఆగినప్పుడు చూస్తే పొగ ఇంకా అట్లాగే ఉంది. తెల్లగా, చిక్కగా, కారు వెనక కదలకుండా వేలాడుతోంది. అప్పుడు అమ్మ ఒక మాట అంది: "మొన్ననే గా డబ్బాల నీళ్లు పోస్తివి గదా, మళ్ల తగ్గినయా?" నిజమే. పదిహేను రోజుల్లో రెండుసార్లు బాపు రేడియేటర్ పక్కన ఉండే డబ్బాలో నల్లా నీళ్లు పోశాడు. ఆ నీళ్లు ఎటు పోతున్నాయని ఎవరమూ అడగలేదు.

"ఇంక ఎంత దూరమున్నది? పోయినంక సూపిద్దాం" అన్నాడు బాపు. సోన్ దగ్గర గోదావరి బ్రిడ్జి దాటాం, నిర్మల్ దాటాం. పాపకు గుట్టలు చూపిద్దామని మహబూబ్ ఘాట్ పాత రోడ్డు పట్టాం. ఎక్కుడు మొదలైన కాసేపటికే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది. బండి గుంజలేక ఆగిపోయింది.

బాపు దిగి బానెట్ ఎత్తి, చేతికి కండువా చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టాడు. పాప ఆయన పక్కనే నిలబడి తొంగి చూస్తోంది. వెనక ఆగిన లారీ డ్రైవర్ ఒకాయన గట్టిగా అరిచాడు: "పెద్దాయనా, మూత ముట్టకు! పిల్లను దూరం తీస్కపో!" ఆ మనిషి పేరు కూడా మాకు తెలియదు. ఆ కేక ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో మాత్రం తరవాత తెలిసింది.

బండిని కట్టి నిర్మల్ తీసుకొచ్చాం. షెడ్డులో మెకానిక్ ఇంజన్ ఆయిల్ గేజీ తీసి చూపించాడు. ఆయిల్ పాలు ఎక్కువ పోసిన చాయ్ రంగులో ఉంది. "ఆర్మూర్ల ఆపితే గ్యాస్కెట్‌తోని పోతుండె. ఇప్పుడు హెడ్ వంగింది, ఆయిల్ల నీళ్లు కలిసినయి" అన్నాడు. ఖర్చు నా రెండు నెలల జీతం దాటింది.

కారు నుంచి నీళ్లు ఎందుకు వస్తాయి?

ముందు భయపడనక్కర్లేని పొగ గురించి చెప్తాను. మన పదో తరగతి పిల్లలు రాసే సమీకరణమే ఇది: ఇంధనం, ఆక్సిజన్ కలిసి మండితే కార్బన్ డయాక్సైడ్, నీరు వస్తాయి. పెట్రోల్‌లో కార్బన్‌తో పాటు హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లెక్క కడితే ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే సుమారు ఒక లీటరు నీరు తయారవుతుంది. అంటే మీరు ఐదు లీటర్ల పెట్రోల్ కాల్చితే, దాదాపు ఐదు లీటర్ల నీటిని ఆవిరి రూపంలో రోడ్డు మీద వదిలినట్టే.

ఇంజన్ వేడెక్కాక ఆ ఆవిరి వేడిగా బయటికి వచ్చి, గాలిలో కలిసిపోతుంది, కంటికి కనిపించదు. రాత్రంతా బయట నిలబెట్టిన కారులో సైలెన్సర్ చల్లగా ఉంటుంది. ఆవిరి ఆ ఇనుముకు తగిలి చిన్న చిన్న నీటి బిందువులుగా మారుతుంది. అదే మనకు తెల్లగా కనిపిస్తుంది. సైలెన్సర్ చివర నీటి చుక్కలు కారడం కూడా దీనివల్లే.

మన ఉత్తర తెలంగాణలో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం మన చలి. ఆదిలాబాద్ పట్టణం, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్ (యు), తిర్యాణి వంటి ప్రాంతాల పేర్లు ప్రతి శీతాకాలం రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో వస్తూనే ఉంటాయి. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే చాలా కిందికి పోతుంది. అలాంటి ఉదయం తెల్ల ఆవిరి రాకపోతేనే ఆశ్చర్యం.

పొగ రంగు ఏం చెప్తుంది?

- పలుచని తెలుపు, స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లో మాయం: నీటి ఆవిరి. భయం లేదు.
- చిక్కని తెలుపు, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగదు: ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి లీకై మండుతోంది. డీజిల్ బండి అయితే మండని డీజిల్ కూడా కావచ్చు.
- నీలం: ఇంజన్ ఆయిల్ మండుతోంది.
- నలుపు: గాలికి మించి ఇంధనం పోతోంది.

ఈ నాలుగింటిలో మనల్ని ఎక్కువగా మోసం చేసేది రెండోది. అది చూడటానికి మొదటిదానిలాగే ఉంటుంది, చలికాలంలో దాని చాటున దాక్కుంటుంది.

లోపల జరిగేది ఏమిటి?

ఇంజన్‌ను రెండు ముక్కలుగా ఊహించుకోండి. కింద బ్లాక్. అందులో సిలిండర్లు, పిస్టన్లు ఉంటాయి. పైన మూతలాగా హెడ్. ఈ రెండింటి మధ్య పలుచని ఒక పొర ఉంటుంది. దాన్నే హెడ్ గ్యాస్కెట్ అంటారు. ఇంట్లో కుక్కర్ మూతకు రబ్బరు రింగు ఎలాగో, ఇంజన్‌కు ఇది అలాగ. కాకపోతే దీని పని కుక్కర్ రింగు కంటే చాలా కష్టం. సిలిండర్‌లో మంట వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ మంటకు కొద్ది దూరంలోనే ఒక దారిలో కూలెంట్, మరో దారిలో ఆయిల్ పారుతుంటాయి. మూడూ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపేది ఈ పొరే.

ఇంజన్ మితిమీరి వేడెక్కితే ఎక్కువ బండ్లలో అల్యూమినియంతో చేసిన హెడ్ వంగుతుంది. వంగిన చోట గ్యాస్కెట్ పట్టు తప్పుతుంది. అప్పుడు కూలెంట్ సిలిండర్‌లోకి జారి, మంటలో ఆవిరై, సైలెన్సర్ నుంచి తెల్లగా వస్తుంది. ఆయిల్ దారిలోకి జారితే ఆయిల్ చాయ్ రంగుకు మారుతుంది. అటువైపు సిలిండర్‌లోని వేడి వాయువు కూలెంట్‌లోకి తోసుకొస్తే డబ్బాలో బుడగలు వస్తాయి, రబ్బరు పైపులు రాయిలా బిగుసుకుంటాయి.

ఇందులో ఒక విష వలయం ఉంది. లీక్ వల్ల కూలెంట్ తగ్గుతుంది. కూలెంట్ తగ్గితే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కితే హెడ్ ఇంకా వంగుతుంది, లీక్ పెద్దదవుతుంది. మా బాపు "ఇంక ఎంత దూరమున్నది" అన్న ప్రతి కిలోమీటరులోనూ జరిగింది ఇదే.

ఇంట్లో మీరే చేయగల ఆరు పరీక్షలు

ఇందుకు పనిముట్లు అక్కర్లేదు. కానీ కింద చెప్పిన నాలుగో, ఐదో పరీక్షలను ఇంజన్ పూర్తిగా చల్లారాకే, వీలైతే రాత్రంతా ఆగాక ఉదయమే చేయాలి.

1. సమయం చూడండి. స్టార్ట్ చేసి పది నిమిషాలు నడపండి. మరీ చలి ఉంటే పదిహేను. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చాక కూడా చిక్కటి తెల్ల పొగ వస్తుంటే అనుమానించాలి. కొన్ని కొత్త బండ్లలో ముల్లు ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు వెలిగి, వేడెక్కాక ఆరిపోతుంది. ఆ లైటు ఆరాక చూడండి.

2. పొగ ఎంత దూరం పోతుందో చూడండి. ఆవిరి అయితే సైలెన్సర్ దాటిన కొద్దిసేపటికే గాలిలో కరిగిపోతుంది. కూలెంట్ పొగ చిక్కగా ఉండి, వెనక చాలాసేపు వేలాడుతుంది.

3. వాసన. కూలెంట్ పొగకు ఒక రకమైన తియ్యటి వాసన ఉంటుంది. మండని డీజిల్‌కు కళ్లు మండే ఘాటు ఉంటుంది. సైలెన్సర్ దగ్గర ముఖం పెట్టి పీల్చకండి. కొద్ది దూరంలో నిలబడితే చాలు.

4. కూలెంట్ డబ్బా. దాని మీద కనిష్ఠం, గరిష్ఠం గీతలు ఉంటాయి. ఈ రోజు మట్టం ఎక్కడ ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వారం తరవాత, మళ్లీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పోల్చండి. బండి కింద ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతుంటే, అది లోపలికే పోతున్నట్టు అనుమానించాలి.

5. ఆయిల్ గేజీ. ఆయిల్ బంగారు రంగులోనో, నల్లగానో ఉండాలి. పాలు కలిపినట్టు ఉంటే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవండి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త: చలికాలంలో బండిని ఇంటి నుంచి స్కూలుకు, స్కూలు నుంచి ఇంటికి మాత్రమే తిప్పితే, ఆయిల్ పోసే మూత కింద కొద్దిగా తెల్లటి నురగ పట్టవచ్చు. అది తేమ మాత్రమే. గేజీ మీది ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ మట్టం తగ్గకుండా ఉంటే కంగారు పడకండి.

6. ఇంజన్ వేడి. ముల్లు మామూలు కంటే పైకి పోతుందా? హీటర్ పెడితే వేడి గాలి బదులు చల్లటి గాలి వస్తుందా? ఈ రెండూ కూలెంట్ తగ్గిందనడానికి గుర్తులు.

ఆయిల్ పాలు కలిపినట్టు ఉండటం, ముల్లు పైకి పోవడం కాకుండా మిగతావాటిలో ఒక్కటే కనిపిస్తే రెండు మూడు రోజులు గమనించవచ్చు. చిక్కటి పొగతో పాటు కూలెంట్ కూడా తగ్గుతుంటే ఇక ఆగకండి. ఇంకో మాట. రాత్రంతా ఆగిన బండి ఉదయం సెల్ఫ్ కొట్టగానే "టక్" మని బిగుసుకుంటే, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లు నిండి ఉండవచ్చు. గాలిలాగా నీళ్లు అణగవు కాబట్టి లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

డీజిల్ బండ్ల సంగతి

మన వైపు ఊళ్లలో డీజిల్ బండ్లు ఎక్కువ. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలి ఉదయం ఆ వేడి చాలదు కాబట్టి, చాలా బండ్లలో హీటర్ ప్లగ్‌లు ఉంటాయి. తాళం తిప్పగానే స్ప్రింగు గుర్తు లైటు వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. హీటర్ ప్లగ్ ఒకటి పోయినా, ఇంజెక్టర్ సరిగా చిమ్మకపోయినా, కొంత డీజిల్ మండకుండా తెల్లటి పొగగా వస్తుంది. బండి అదురుతుంది, స్టార్ట్ కావడానికి సతాయిస్తుంది. కూలెంట్ తగ్గకుండా ఈ గుర్తులు ఉంటే హీటర్ ప్లగ్‌లు, ఇంజెక్టర్లు ముందు చూపించండి.

చాలా డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ అనే భాగం ఉంటుంది. అది లోపల చిల్లుపడినా కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది. హెడ్ విప్పే ముందు అది కూడా చూడమని మెకానిక్‌ను అడగండి. పెద్ద ఖర్చు తప్పవచ్చు.

దారిలో ముల్లు ఎర్ర గీత మీదికి పోతే

- వెంటనే ఏసీ ఆపండి. సురక్షితంగా పక్కకు ఆపగల చోటు వచ్చేదాకా హీటర్‌ను పూర్తిగా పెట్టండి. అది ఇంజన్ నుంచి కొంత వేడిని లాగుతుంది.
- రోడ్డు పక్కన ఆపి ఇంజన్ కట్టేయండి. హజార్డ్ లైట్లు వేయండి.
- పిల్లలను ట్రాఫిక్ లేని వైపు డోర్ నుంచి దింపి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. బానెట్ దగ్గరికి రానివ్వకండి.
- రేడియేటర్ మూత గానీ, కూలెంట్ డబ్బా మూత గానీ తీయకండి. కనీసం ముప్పావు గంట ఆగాలి. పై రబ్బరు పైపు చేతికి చల్లగా తగిలేదాకా ముట్టుకోవద్దు.
- వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోయకండి. ఒక్కసారిగా చల్లబడితే లోహం పగలవచ్చు.
- నడిపి చూద్దాం అనుకోకండి. బండిని కట్టించి తీసుకెళ్లండి. 44వ నంబరు జాతీయ రహదారి లాంటి జాతీయ రహదారుల మీద ఉంటే 1033కు ఫోన్ చేయవచ్చు. ఇంకెక్కడైనా అత్యవసరమైతే 112.

మూత ఎందుకు తీయకూడదో ఇంట్లో పిల్లలకు కుక్కర్‌తో చెప్పండి. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూలెంట్ దారిని గట్టిగా మూసి ఒత్తిడిలో ఉంచుతారు కాబట్టి, అది 100 డిగ్రీలు దాటినా మరగకుండా ద్రవంగానే ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది. అంత వేడి నీరు ఒక్కసారిగా ఆవిరై మీదికి ఎగజిమ్ముతుంది. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలకు అది సరిగ్గా ముఖం మీద పడుతుంది. ఆ రోజు లారీ డ్రైవర్ కాపాడింది మా పాప ముఖాన్ని.

మెకానిక్ దగ్గర ఏం అడగాలి?

"పొగ వస్తుంది, చూడు అన్నా" అని వదిలేయకండి. మీరు చూసిన గుర్తులన్నీ చెప్పండి. కూలెంట్ మట్టం ఫొటోలు చూపించండి. హెడ్ విప్పే ముందు మూడు పరీక్షలు చేయమనండి.

మొదటిది, కూలెంట్ దారికి గాలి ఒత్తిడి పెట్టి ఎక్కడ లీకవుతుందో చూడటం. రెండోది, ప్రతి సిలిండర్ కంప్రెషన్ కొలవడం. మూడోది, రేడియేటర్ పైన ఒక రసాయనం పెట్టి చూసే పరీక్ష. సిలిండర్ వాయువు కూలెంట్‌లో కలుస్తుంటే, అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం రంగు ద్రవం పసుపుగా మారుతుంది. మన ల్యాబ్‌లో పిల్లలు చేసే సూచిక ప్రయోగమే ఇది.

గ్యాస్కెట్ పోయిందని తేలితే, గ్యాస్కెట్ ధర పెద్దది కాదు. విప్పి బిగించే పనికే ఖర్చు ఎక్కువ. కాబట్టి ఒకసారి విప్పినప్పుడే పూర్తిగా చేయించండి. హెడ్‌ను లేత్ షాపుకు పంపి వంపు, పగుళ్లు చూపించాలి. అవసరమైతే చదును చేయించాలి. కంపెనీ చెప్పిన చోట కొత్త బోల్టులు వేయాలి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ మార్చాలి. మొత్తం ఖర్చు ఎంతవుతుందో ముందే రాసి ఇవ్వమని అడగండి. మార్చిన పాత భాగాలు చూపించమనండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: "అసలు ఇంజన్ ఎందుకు వేడెక్కింది?" ఫ్యాన్ తిరగడం లేదా? థర్మోస్టాట్ మూసుకుపోయిందా? వాటర్ పంపు కారుతుందా? రేడియేటర్ పూడిందా? దీనికి జవాబు దొరక్కుండా కొత్త గ్యాస్కెట్ మాత్రమే వేయిస్తే, కొద్ది నెలల్లో మళ్లీ అదే షెడ్డుకు వస్తారు. జ్వరానికి మాత్ర వేసి, జ్వరం ఎందుకు వచ్చిందో చూడకపోవడం లాంటిదే ఇది. లీక్ ఆపుతుందని అమ్మే మందులు రేడియేటర్‌లో పోయడం కూడా తాత్కాలికమే. అవి సన్నటి దారులను పూడ్చి కొత్త సమస్య తేవచ్చు.

మా బండిలో అసలు కారణం నల్లా నీళ్లు, బోరు నీళ్లు. మన బోరు నీళ్లు కాచిన గిన్నెలో, గీజర్‌లో తెల్లటి పొర ఎలా కడుతుందో మీకు తెలుసు. రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే కడుతుంది. రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే ఎండాకాలం కూడా ఆ బండి అలాగే తిరిగింది. ఇంజన్ అప్పటి నుంచే దెబ్బతింటూ వచ్చింది, చలికాలంలో బయటపడింది. కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంట్‌నే వాడండి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి. రంగు ఒకటే కదా అని రెండు రకాల కూలెంట్లు కలపకండి.

పిల్లలున్న ఇంట్లో కూలెంట్

ఈ భాగం మాత్రం కారు బాగున్న వాళ్లు కూడా తప్పక చదవండి. చాలా కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది విషం. రుచి మాత్రం తియ్యగా ఉంటుంది. పచ్చగానో, గులాబీ రంగులోనో షర్బత్‌లా కనిపిస్తుంది. మిగిలిన కూలెంట్‌ను చాలా ఇళ్లలో ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో, నీళ్ల సీసాలో పోసి మెట్ల కింద పెడతారు. దయచేసి అలా చేయకండి. అసలు డబ్బాలోనే, పిల్లలకు అందని చోట, తాళం వేసి ఉంచండి. నేల మీద ఒలికితే వెంటనే కడగండి. కుక్కలు, పిల్లులు కూడా దాన్ని నాకుతాయి.

పిల్లలు ఒక్క గుక్క తాగారని అనుమానం వచ్చినా ఇంట్లో ఆగకండి. వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కూలెంట్ డబ్బాను వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. మొదట పిల్లలు మత్తుగా మాత్రమే కనిపించవచ్చు, బాగానే ఉన్నారనిపించవచ్చు. కిడ్నీలు దెబ్బతినేది ఆ తరవాత. దీనికి విరుగుడు మందులున్నాయి, తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తాయి.

గేటు దగ్గర మా విన్నపం

చలి ఉదయం కనిపించే తెల్లటి ఆవిరి హానికరం కాదని చెప్పాను. కానీ ఆ ఆవిరితో పాటు కంటికి కనిపించనివీ వస్తాయి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. దానికి రంగు లేదు, వాసన లేదు. పెద్దవాళ్లకంటే పిల్లల ముఖాలు సైలెన్సర్ ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. అందుకే గేటు దగ్గర పిల్లల కోసం ఆగినప్పుడు ఇంజన్ కట్టేయండి. తలుపులు మూసిన షెడ్డులో, సెల్లార్‌లో ఇంజన్ వేడెక్కించడానికి స్టార్ట్ చేసి వదలకండి. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి నెమ్మదిగా నడిపితే ఇంజన్ దానంతటదే వేడెక్కుతుంది.

పిల్లలతో ఈ ఆదివారం

ఒక కొవ్వొత్తి వెలిగించండి. పొడిగా తుడిచిన స్టీలు గ్లాసులో మామూలు నీళ్లు పోసి, మంటకు కాస్త పైన కొద్ది సెకన్లు పట్టుకోండి. గ్లాసు అడుగున సన్నటి తడి మెరుస్తుంది. మంట నుంచి నీళ్లు! ఐసు నీళ్లు మాత్రం పోయకండి. అప్పుడు గాలిలోని తేమే గ్లాసుకు పడుతుంది, ప్రయోగం తప్పవుతుంది. మైకేల్ ఫారడే 19వ శతాబ్దంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు చెప్పిన కొవ్వొత్తి పాఠాల్లో, మంట నుంచి నీరు పుడుతుందని చూపించాడు. పెద్దవాళ్లు పక్కనే ఉండి చేయించండి. తరవాత పిల్లలను కారు దగ్గరికి తీసుకెళ్లి, సైలెన్సర్ చివర చుక్కలు ఎందుకున్నాయో చెప్పమనండి. వాళ్లే చెప్తారు.

బాపు ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ డబ్బా చూస్తాడు. పక్కన మా పాప నిలబడి గీత ఎక్కడుందో చదివి చెప్తుంది. మొన్న ముల్లు మధ్యకు వచ్చాక కూడా పొగ వస్తుందేమోనని ఆమే వెనక నిలబడి చూసింది. "తాతా, పోయింది. సలిదే" అంది. అప్పుడే బండి గేటు దాటింది.